ఆముదం రాసిన తలుపు

నేను ఒక తలుపును. నా అవతల గది లేదు, ఇవతల ఇల్లు లేదు. కృష్ణానగర్‌లో సినిమాలకు శబ్దాలు చేసే ఒక స్టూడియోలో నన్ను ఇనుప చట్రానికి బిగించి నిలబెట్టారు. నా ఉద్యోగం కిర్రుమనడం. తెర మీద దయ్యాల కోటలు కోట్లు పెట్టి కడతారు గానీ, వాటి తలుపులన్నీ అట్టముక్కలు. వాటికి గొంతు నాదే.

ఆ గొంతు పలికించేవాడు గవరయ్య. విజయనగరంలో పడగొట్టిన రైసు మిల్లు నుంచి నన్ను తెచ్చి, ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాడు. ఆయన చేతిలో మూలుగుతాను, ఏడుస్తాను, బెదిరిస్తాను.

ఈమధ్య ఒక దర్శకుడు వచ్చాడు. కొండ మీద బంగళా, అందులో ఒంటరిగా ఒకమ్మాయి, పదకొండు రోజుల భయం. పదకొండు రోజులు తిండి లేకపోయినా ఆ అమ్మాయి లిప్‌స్టిక్ చెదరలేదు. నాకు భయమేసింది అక్కడొక్కచోటే. ఆఖరి సీనులో ఆమె వెనక తలుపు కిర్రుమని తెరుచుకోవాలి.

"ఈ కిర్రు కుదరకపోతే కంప్యూటర్లో తీసుకుంటాం గవరయ్యగారూ, ఇక మీకు శ్రమ ఉండదు" అన్నాడు దర్శకుడు. ఉద్యోగం పీకేస్తామని చెప్పడానికి సినిమావాళ్లు వాడే మర్యాద అది.

రికార్డింగుకు ముందురోజు ఆయుధపూజ. గవరయ్య గేటు దగ్గర గుమ్మడికాయ కొడుతుంటే, భార్య నూకాలు లోపల ఆయన పనిముట్లు తుడిచి బొట్లు పెడుతోంది. నన్ను కదిపింది. కిర్రుమన్నాను.

"ఎన్నాళ్ల బట్టీ ఏడుస్తందో, పాపం" అంటూ కీళ్లకు ఆముదం పట్టించింది.

మర్నాడు గవరయ్య మైకు ముందు నన్ను లాగాడు. చప్పుడు లేదు. మళ్లీ లాగాడు. కీళ్లు తడిమాడు, వేలికి ఆముదం అంటింది. తెర మీద తలుపు చడీచప్పుడూ లేకుండా తెరుచుకుంది. దర్శకుడు కుర్చీలో ఉలిక్కిపడ్డాడు.

"ఇదే నాకు కావాల్సింది" అన్నాడు. ఏం కావాలో ఆయనకు అప్పుడే తెలిసింది.

సినిమా ఆడింది. ఆ నిశ్శబ్దం కోసం మూడేళ్లు తపస్సు చేశానని ఆయన టీవీల్లో చెప్పాడు. పేర్లు పడేచోట 'శబ్దాలు' అన్నదాని కింద తన పేరే వేసుకున్నాడు. ఇక అందరికీ నిశ్శబ్దమే కావాలి. నిశ్శబ్దానికి మనిషెందుకని గవరయ్యను రావద్దన్నారు. ఆయనంటే నాకు ప్రాణం. ఒక్క కిర్రుతో కాపాడాల్సినదాన్ని, నోరు మూసుకుని నిలబడ్డాను.

ఆయన సామాన్లు సంచిలో సర్దుకుంటుంటే ఫోన్ మోగింది.

"సినిమా బాగా ఆడతందంట గదా. నీ పేరేసినారా?" అంది నూకాలు.

గవరయ్య నన్ను ఆనుకుని నిలబడ్డాడు.

"ఏసినారే, పెద్ద అచ్చరాలు. అంతా నీ చేతి చలవే" అన్నాడు. సంచి భుజానేసుకుని, "ఈయాల బేగొచ్చేస్తాన్లే" అన్నాడు.