ఫేబీ అక్క పాట ఒక మెట్టు పైకి

ఆగండాగండి, ఒక్క నిమిషం ఇది వినండి!

కావలిలో తమ చర్చి క్వయర్ కోసం మెర్లిన్ పీహెచ్‌పీ అనే కోడింగ్ భాషలో ఓ వెబ్ పేజీ రాసింది. పాట పేరు నొక్కితే చాలు: పైన పిల్లల బృందానికి ఒక మెట్టు పెంచిన స్కేలు, దాని కింద పెద్దల బృందానికి అసలు స్కేలు. పెంచే పని, కోడ్‌లో ఆ ఒక్క పనికే రాసిన ఓ బుల్లి ఫంక్షన్‌ది.

రేపే కోత పండగ. పెద్దల బృందంలో సోలో ఫేబీది. నిరుడు అందరి ముందూ పై స్వరంలో గొంతు చీలిపోయినప్పటినుంచీ ఆవిడది ఒకటే మాట.

"సి స్కేలు దాటిందంటే మైకు ముట్టను మెర్లిన్, ముందే చెప్తుండా."

"సి యే అక్కా! స్క్రీన్ మీద ఏముంటే జడ్సనన్న కీబోర్డు మీద అదే కొడతాడు. నా పూచీ!"

ప్రాక్టీసు మొదలైంది. కిటికీల్లోంచి ఉప్పుగాలి. ఫేబీ కళ్లు మూసుకుని ఎత్తుకుంది. పై స్వరం దగ్గర ఆగుతుందనుకున్న గొంతు ఆగలేదు, ఇంకా ఇంకా లేచింది. మెర్లిన్‌కి ఒళ్లంతా జలదరించింది. పక్కన పాడాల్సిన లిల్లీ పాడడమే మర్చిపోయింది.

పాటయ్యాక జడ్సన్ టీకి వెళ్లాడు. లిల్లీ ఫేబీని పొడిచింది.

"ఏందిమే, గొంతులో తేనె పోసుకోనొచ్చినావా?"

"సి లోనే గదా పాడింది, ఇంక భయమేంది?" ఫేబీ నవ్వింది. ఏడాది తర్వాత, మైకు పక్కన.

మెర్లిన్ కీబోర్డు మీది స్క్రీన్ చూసింది. పెద్దల బృందం: డి! సి కంటే ఒక మెట్టు పైన.

లాప్‌టాప్ తెరిచి వెతికితే దొరికింది. ఫంక్షన్ పాటను అందుకునేచోట, పాట ముందు ఒకే ఒక్క & గుర్తు. మొన్న తనే పెట్టింది. అది లేకపోతే ఫంక్షన్‌కి వెళ్లేది నకలే, దాన్ని ఎంత మార్చినా అసలు పాట చెక్కుచెదరదు. అది ఉంటే అసలు పాటే వెళ్లి దాని చేతిలో పడుతుంది! పిల్లల కోసం పెంచితే, కింద పెద్దలదీ పెరిగి కూర్చుంది. అబ్బ, చీమంత గుర్తు! ఏడాదిగా ఎవరూ లేపలేని గొంతుని లేపేసింది.

తీసేస్తే పాట మళ్లీ సి లోకి దిగుతుంది, ఆ గొంతు ఇక వినపడదు. చెబితే ఫేబీకి పాత భయం పట్టుకోవచ్చు. చెప్పకపోతే, నమ్మిన మనిషిని మోసం చేసినట్టే.

ఫేబీ మళ్లీ మైకు అందుకుంది. "ఇంకోసారి పాడదామా మెర్లిన్?"

మెర్లిన్ వేలు డిలీట్ మీదే ఉంది. మీరైతే ఏం చేస్తారు?