రోజా బొట్టు

రిజర్వేషన్ పుణ్యమా అని నేను సర్పంచినయ్యాను. హంసలదీవి పక్కన మా పల్లెలో ఇక ఆడదాని మాట చెల్లుతుందని తెగ మురిసిపోయాను. ఆ మురిపెమే రోజా కొంప ముంచింది.

రోజా మొగుడు వాసు కార్తీకంలో సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. మా వాళ్ళలో శవం కంటబడేదాకా భార్య బొట్టు తీయదు. రోజా ఆ బొట్టుతోనే ఒడ్డుకు వెళ్ళి, పడవల దగ్గర వేలంలో చేపలు పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట అమ్మి, ఇద్దరు ఆడపిల్లల్ని సాకుతోంది.

నేనే ఊరుకోలేదు.

"ఎన్నాళ్ళే ఈ గంప మోత? వితంతు పింఛను రాయిస్తాను. కర్మ చేయించెయ్యి. బొట్టు పెట్టుకుని వెళ్తే ఆఫీసులో ఎవరు నమ్ముతారు?"

"ఆయన బతికుంటేనో, గంగక్కా?"

"నాలుగు నెలలైంది. సర్పంచిని చెప్తున్నాను, నా మాట విను."

విన్నది. దర్భలతో బొమ్మ చేసి, అదే వాసు అనుకుని తగలబెట్టారు. రోజా గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచారు. "నా కొడుకుని నువ్వే చంపేశావే!" అని అత్త గుండెలు బాదుకుంది. నాలుగు రోజులు ఓర్చుకోమని రోజాకు చెప్పాను.

తీరా ఆఫీసుకు వెళ్తే, "శవం లేదు కదమ్మా, మరణ పత్రానికి ఏడేళ్ళు ఆగాలి. సర్పంచిగారు సంతకం పెడితే సరిపోదండీ" అన్నారు. ముందే అడిగితే ముందే చెప్పేవాళ్ళు. నేను అడగలేదు. నా సంతకానికి అంత విలువుందనుకున్నాను, సిగ్గులేనిదాన్ని.

మర్నాడు పొద్దున్నే రోజా మళ్ళీ గంపతో ఒడ్డుకు వచ్చింది. పడవ యజమాని సత్తయ్య అడ్డుపడ్డాడు.

"బోసి నుదురుతో పడవలకి ఎదురు రాకమ్మా. వేట సాగదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "సర్పంచిని చెప్తున్నాను, ఆమెను రానివ్వండి!" అని అరిచాను.

"పంచాయతీ మీదండీ. సముద్రం మాది" అన్నాడు సత్తయ్య.

అందరూ నవ్వారు. నా మొగుడు దుర్గారావు వాళ్ళ మధ్యే ఉన్నాడు. నవ్వలేదు గానీ, తల తిప్పుకుని పడవ తాడు విప్పసాగాడు.

రోజా గంప ఇసుకలో దించి నా దగ్గరకు వచ్చింది.

"అక్కా, నువ్వు తీయమంటే తీశాను. మళ్ళీ పెట్టుకోమను, పెట్టుకుంటాను. సర్పంచివి కదా."

ఎగతాళి కాదు, నిజంగానే అడుగుతోంది. నా నుదుటిన రూపాయంత బొట్టుంది. దానితో ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.