ఎదురుంగ నిలబడి నేర్చిన బొమ్మలు

"విసురుడు ఆపకు. చెమట పడితే పలక మీద గీత చెరిగిపోతది" అన్నాడు మా ఆయన, తలెత్తకుండానే.

నేను ఆపలేదు. వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లడం, బర్రె పాలు పిండడం, జొన్నలు విసరడం, అత్తమ్మకు నీళ్లు కాగబెట్టడం, ఇవన్నీ చాలవన్నట్టు ఆ ఎండాకాలం ఈ పని కొత్తగా నా మెడకు చుట్టుకుంది. బడి నుంచి రాగానే ఆయన పంచలో పీట వేసుకుని, ఒళ్లో పలక పెట్టుకుని బొమ్మలు గీస్తాడు. నేను విసనకర్ర పట్టుకుని ఎదురుగా నిలబడాలి. పక్కన నిలబడితే పలక మీద నీడ పడుతుందట. వెనక నిలబడితే గాలి తగలదట. అందుకని ఎదురుగానే, ఆయన గీత గీసినంతసేపూ, చేతులు మార్చుకుంటూ.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు అది. సూర్యాపేటలో ఉర్దూ బడి తెలుగుకు మారింది. మా ఆయన దామోదర్ పంతులు చదివింది ఉర్దూ, అప్పటిదాకా చెప్పిందీ ఉర్దూనే. ఇప్పుడు తెలుగు అక్షరాలు పిల్లలతో పాటు తనూ దిద్దుకుంటున్నాడు. పంతుళ్లందరినీ మిర్యాలగూడ పిలిపించి, చిన్నపిల్లలకు బొమ్మలు గీసి చదువు చెప్పండని ట్రైనింగు ఇచ్చారు. జంతువులను గీయడానికి ఒక సులువు కూడా చూపించారు. పెద్ద సున్న మీద చిన్న సున్న, దానికి రెండు మొనదేలిన చెవులు పెడితే పిల్లి. గుడ్డును పడుకోబెట్టి, నాలుగు కట్టెలు నాటి, రెండు కొడవళ్లు తగిలిస్తే బర్రె. అట్లా చెబుతుంటే ఎంత సులువో. గీయబోతే మాత్రం ఆయన చేతికి రాలేదు. ఆయన గీసిన పిల్లిని చూసి అత్తమ్మ, "ఇదేంది బిడ్డా, ఉల్లిగడ్డనా?" అంది. తల్లి మీద చూపించలేని కోపం నా మీదికి వచ్చింది. "నువ్వు గాలి సక్కగ ఇసురుతలేవు. అందుకే చెయ్యి వణుకుతున్నది" అన్నాడు.

నాకు ఎవరూ నేర్పలేదు. చేతులకు పని ఉంది గానీ కళ్లకు లేదు. ఖాళీగా ఉన్న కళ్లు ఎదురుగా ఉన్నదాన్ని పట్టుకున్నాయి. ఒకనాటి పొద్దున వాకిట్లో ముగ్గు వేస్తూ, చుక్కల మధ్యలో ఎందుకో నా వేళ్లు గుడ్డును తిప్పాయి. తిప్పాక కాళ్లు పెట్టకుండా ఉండలేకపోయాను. కొమ్ములు పెట్టకుండా అసలే ఉండలేకపోయాను. చూసుకుంటే బర్రె! మా దొడ్లో బర్రెకున్న మొండితనం కూడా దాని మూతిలో వచ్చింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. పెళ్లయి వచ్చినంక ఆ ఇంట్లో నాకు నేనుగా నవ్వడం అదే మొదలేమో.

అత్తమ్మ చెంబు పట్టుకుని బయటికి వచ్చింది. "ఓసి పెన్‌పహాడ్ దానా! లచ్చిమొచ్చే వాకిట్ల బర్రెను నిలబెడ్తవా? ఎవలెక్కి రావాలని? యముడా?" అని చెంబెడు నీళ్లు దాని మీద కుమ్మరించింది. ఆ ఇంట్లో నా పేరు అదే, నేను పుట్టిన ఊరి పేరు. ఆయనకైతే నేను 'ఏమే'. కృష్ణమ్మ అనే పేరు నాకొకటి ఉందని నాకే అప్పుడప్పుడు గుర్తుండేది కాదు.

వాకిలి పోతే పోయింది, దొడ్డి ఉంది గదా. పేడ తీసి, నేల అలికి, అది ఆరకముందే ముగ్గుపిండితో గీసేదాన్ని. మేక, కుక్క, కుందేలు. నేల మీద బొమ్మకు ఒక మంచి గుణం ఉంది. గీసినంక చుట్టూ తిరిగితే ఎటో ఒకవైపు నుంచి అది సరిగ్గా కనబడుతుంది. అందుకే తలకిందులు అన్న మాటే నాకు ఎన్నడూ తట్టలేదు.

ఆయన ఒకరోజు దొడ్లోకి వచ్చి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మర్నాడు దళసరి కాగితాలు తెచ్చి పంచలో పరిచి, ఒక బొగ్గు నా చేతికిచ్చి, తను ఎదురుగా పీట మీద కూచున్నాడు. "ఏనుగ గీయ్" అన్నాడు. గీశాను. "నక్క గీయ్." అదీ గీశాను. ఆయన తన దిక్కు నుంచి కాగితం తీసుకుని, చుట్టి, బడికి పట్టుకుపోయాడు. ఆ వారమే పెద్దపంతులు మా ఇంటికి వచ్చి, చాయ తాగుతూ, "దామోదర్, నీ చేతిల ఏదో ఉన్నదయ్యా" అన్నాడు. ఆ చాయ తెచ్చిచ్చింది నేనే. ఆయన మొహమాటంగా నవ్వాడు. నేను ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వచ్చాను. నొప్పి లేదని అబద్ధం చెప్పను. ఉంది. కానీ ఆ నొప్పిని ఎవరికి చూపించాలి? దెబ్బ తగిలితే కదా అడిగేవాళ్లుంటారు!

జానమ్మ టీచర్ వచ్చింది అప్పుడే. కోదాడ మనిషి. మా వెనక వీధిలో ఆడపిల్లలకు బడి పెడుతూ ఇంటింటికీ తిరుగుతోంది. కిరస్తానం మనిషని అత్తమ్మ ముందరి దర్వాజ తీయలేదు. "దొడ్డి దిక్కు రమ్మను" అంది. తెల్లచీర మనిషి, గొడుగు మడిచి, చుట్టూ తిరిగి దొడ్లోకి వచ్చింది. వచ్చి ఆగిపోయింది. నేల మీద నా మేకలున్నాయి.

"ఎవరండీ ఇవి గీసింది?"

నేను చేతికంటిన పిండి దులుపుకున్నాను.

"మీ పేరేంటమ్మా?"

"కృష్ణమ్మ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"కృష్ణమ్మగారూ, నా బళ్లో చిన్నపిల్లలున్నారు. నాకు బొమ్మలు రావు. పూటకొక్కసారి వచ్చి గీసి చూపిస్తే చాలండీ. నల్లగొండ నుంచి ఇన్‌స్పెక్టరమ్మ వస్తున్నారు, ఆవిడ సరేనంటే మిమ్మల్ని పెట్టుకుంటారు."

నాకు కావలసింది ఎంత చిన్నదో చూడండి. పూటకొక్కసారి, వెనక వీధి దాకా. అక్కడ ఎవరో నన్ను కృష్ణమ్మగారూ అంటారు. అంతే. అంత చిన్నదాని కోసం ఎన్ని దినాలు అన్నం సయించలేదో! అత్తమ్మ కస్సుమంది. ఆయన మాత్రం, పెద్దపంతులు ముందర జానమ్మ అడిగేసరికి కాదనలేక, "పోనియ్, ఒకపారి పోయి గీసి రానీ" అన్నాడు. ఆ మాట విని ఆయన మంచివాడేనేమో అనుకున్నాను. పిచ్చిదాన్ని.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చిన రోజు ఆయన కూడా నా వెంట వచ్చి బడి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరమ్మ కళ్లజోడు సర్దుకుని, "ఏదీ, పిల్లలకు ఒక బర్రెను చూపించమ్మా" అంది. నా చేతికి సుద్దముక్క ఇచ్చారు. నల్లబల్ల గోడకు ఆనించి నిలబెట్టి ఉంది. నేను అప్పటిదాకా నిలబడి ఉన్నదాని మీద ఎన్నడూ గీయలేదు.

గుడ్డు బాగానే వచ్చింది. తరవాత కాళ్లు. నా చెయ్యి తనంతట తను పైకి పోయింది. నాలుగు కాళ్లూ ఆకాశంలోకి లేచాయి. కొమ్ములు నేలను పొడిచాయి. "బర్రె సచ్చిపోయింది!" అని ఒక పిల్ల అరిచింది. అందరూ గొల్లున నవ్వారు. కొంగుతో తుడిచి మళ్లీ గీశాను. మళ్లీ అంతే. కాళ్లు కిందికి పెట్టాలని బుద్ధికి తెలుస్తోంది, చేతికి తెలియడం లేదు. దానికి తెలిసింది ఒక్కటే, ఎదురుగా నిలబడి చూసినది. మూడోసారి గుడ్డు కూడా వంకరపోయింది. నేల మీదైతే చుట్టూ తిరిగేదాన్ని, ఆ బల్ల చుట్టూ ఎట్లా తిరగను?

ఆయన వైపు చూశాను. ఒక్క మాట చాలు. ఈమె ఎదురుంగ నిలబడి నేర్చింది, కాగితం నేల మీద పరవండి, అంటే చాలు. నాకు అంతమందిలో నోరు పెగలలేదు.

"నేను ముందే అన్న అమ్మగారూ" అన్నాడు ఆయన, చేతులు కట్టుకుని. "ఇంట్ల ముగ్గులేసుకునే ఆడోళ్లు. గీళ్లకేం తెలుస్తది?"

"కింద నేల మీద వేయమంటే వేస్తుందండీ, నేను చూశాను" అని జానమ్మ బతిమాలింది. ఇన్‌స్పెక్టరమ్మ చెడ్డది కాదు. "పిల్లలకు బల్ల మీదే కదమ్మా చూపించాలి. ఇంకెవరినైనా చూసుకో" అని తరవాతి తరగతికి వెళ్లిపోయింది. నేను చేతిలో సుద్దముక్క ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే నిలబడ్డాను.

ఇంటికి వస్తే అత్తమ్మ, "తీరిందా మోజు? బర్రె అరుస్తున్నది, పోయి పాలు పిండు" అంది. పిండాను. దాని కాళ్లు కిందికే ఉన్నాయి. చూస్తుంటే ఏడుపొచ్చింది.

నాలుగు దినాలు పోయినంక ఆయన మళ్లీ కాగితం తెచ్చి పంచలో పరిచాడు. మిర్యాలగూడలో పంతుళ్ల బొమ్మలు గోడలకు పెట్టి అధికారులకు చూపిస్తారట. పీట వేసుకుని, బొగ్గు నా ముందర పెట్టి, "ఒంటె గీయ్" అన్నాడు.

నేను బొగ్గు ముట్టలేదు. "నేను తలకిందులు గీస్తనని మీకెర్కనా?"

"ఎర్క లేకేం?" అన్నాడు. "ఎదురుంగ కూసునేది నేనే గద. నా దిక్కు సక్కగ కనబడ్తదంటే నీ దిక్కు ఎట్లుంటది?"

"మరి ఆడ ఒక్క మాట చెప్పకపోతిరి."

"చెప్తే నువ్వు పోతుంటివి గద."

కోపం లేదు ఆ గొంతులో. దాచుకోవాలన్న ఆలోచన కూడా లేదు. దొడ్డి తలుపు తీసి పెడితే బర్రె పోతది గదా, అన్నంత మామూలుగా అన్నాడు. తిట్టినా బాగుండేది, నాకు తిరగబడడానికి ఏదో ఒకటి దొరికేది. ఇన్‌స్పెక్టరమ్మ వెళ్లిపోయింది. జానమ్మకు వేరే ఎవరో దొరికే ఉంటారు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది.

లేచాను. ఎసరు కోసం లేచాననుకున్నాడు. నేను కాగితం చుట్టూ తిరిగి వచ్చి, ఆయన పక్కన, ఆయన కూచున్న దిక్కునే కూచున్నాను. నీడ పడింది. పడనీ. బొగ్గు తీసుకుని గుడ్డును తిప్పాను. కాళ్లు పైకి పోబోయాయి. ఆపి, కిందికి లాగాను. గీత వంకరపోయి కాగితం సగం దాకా పారింది. ఒంటె లేదు, ఏమీ లేదు.

"అయ్యో, గదేంది? కాగితం ఖరాబ్ చేస్తున్నవ్. లే, ఎదురుంగ పోయి కూసో" అన్నాడు.

"ఖరాబ్ కానీ" అని, రెండో కాలు మొదలుపెట్టాను.