గట్టు దిగని డ్రమ్ము

గోల్‌మురి పేట వెనక, ఉక్కు కార్ఖానా గోడ పక్కన మా బస్తీకంతటికీ ఒకటే కుళాయి. కార్ఖానా పొద్దుటి సైరన్ కూయగానే కట్టేస్తారు. అందుకే తెల్లారకముందే బిందెలు వరస కడతాయి. మనిషి లేకపోయినా బిందె ఉంటే చాలు, మనిషి ఉన్నట్టే. వంతుకు ఒక పాత్ర. నింపినవాడే ఎత్తుకుని కుళాయి గట్టు దిగాలి. దిగేదాకా ఆ నీళ్లు ఎవరి సొంతమూ కావు. ఈ కట్టుబాటు పెట్టిందెవరో నాకు తెలియదు గాని, దాని మెడ విరవబోయింది మాత్రం సీతారాం.

కువైట్‌లో రెండేళ్లు వెల్డింగు చేసి ఆ వేసవిలోనే దిగాడు. ఒకనాడు తన వంతుకు నడుమెత్తు నీలం డ్రమ్ము పెట్టాడు. వాడి వెనక దాలమ్మ, ఆవిడ వెనక నేను. దాలమ్మది ఇడ్లీ దుకాణం. నీళ్లు లేకపోతే ఆ పూట పొయ్యి వెలగదు. షిఫ్టు దిగిన కూలీలు ఒక్కసారి ధాబా రుచి మరిగితే మళ్లీ ఇటు రారు.

"ఇదేటిరా? ఏనుక్కి కుడితి పెడతన్నావేటి?" అంది దాలమ్మ.

"వంతుకొక పాత్రే కదత్తా! ఇదీ పాత్రే. మీకేటి తెలుసు నీళ్ల సంగతి? కువైట్ల సముద్రాన్నే మరగబెట్టి తాగుతారు. అక్కడ మా అమెరికా సాయేబు కారు కడిగిన నీళ్లతో మన బస్తీ వారం బతికీగల్దు."

నేను ఊరుకుంటానా?

"మీ సాయేబొక లెక్కేట్రా? కొలిమికాడ ముప్పయ్యేళ్లు సేసినాను. ఎర్రటి ఇనపదిమ్మ సువర్ణరేఖ నదిలో సగం తాగీసి, తేన్చి, 'ముసలయ్యా, ఉప్పు తక్కువైందిరా' అనీది. మా ఊళ్ల వరిమడి ఇంకా గొప్పది. మబ్బుని కాలుపట్టి లాగి పిండుకునీది. ఈళ్లందరూ తాగీగా మిగిలిందే ఈ కుళాయి. దాని మీదా నీ డ్రమ్మేటి?"

దాలమ్మ నవ్వింది. వాడి ముఖం కందిపోయింది.

"చుప్ బే బుఢ్ఢే!" అని హిందీలో ఈ ముసలాడి నోరు మూయించబోయాడు.

డ్రమ్ము అంచుదాకా నిండింది. సైరన్ కూసింది. కుళాయి దగ్గి ఊరుకుంది. సీతారాం డ్రమ్మును కౌగిలించుకుని లేపబోయాడు. అది కదిలితేనా!

"ఓ సెయ్యి ఎయ్యండర్రా!"

"నింపినోడే ఎత్తాల," అన్నాను.

దాలమ్మ తన బిందెను డ్రమ్ములో ముంచింది. "గట్టు దిగనేదు కదరా, నీవెలా అవుతాయి?"

మొదటి బిందె నిండింది. నేను నా బిందె ముంచబోతుండగా వాడు డ్రమ్మును కాలితో తన్నాడు. "నాకు దక్కనివి మీకూ దక్కవు!"

నీళ్లన్నీ కాలవలో పడి కార్ఖానా గోడ వైపు పారాయి. "ఇనుముకి సద్ది ఎలతన్నాది, సూడండి!" అన్నాను.

ఒక్క బిందె ఆవిరికే సరి. దాలమ్మ ఆకుదొన్నెల్లో ఇడ్లీలు పెట్టింది. కూలీలు కార్ఖానా నుంచి సీసాల్లో నీళ్లు తెచ్చుకున్నారు. ఇంట్లో పొయ్యి వెలగని సీతారాం కూడా తల దించుకుని వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. దాలమ్మ వాడి దొన్నెలో మిరపకాయ పచ్చడి రెండు గరిటెలు ఎక్కువే వేసింది.

కాసేపటికి వాడి కళ్లు ఎర్రబడ్డాయి.

"అత్తా, గుక్కెడు నీళ్లు..."

ఆవిడ ఖాళీ బిందె బోర్లించి చూపించింది. "కువైట్ ఎల్లి తాగు."

ఎవరూ సీసా చాపలేదు. నా చెంబులో నిన్నటి నీళ్లు సగం ఉన్నాయి. వాడి ఎదుటే, ఆఖరి చుక్కదాకా, తీరిగ్గా తాగాను.