ఒక్కటే గోలి

"పిల్లకు పురుగులు పడ్డయంటే తల్లి ఎంత సుబ్బరంగ పెంచుతున్నట్టు?" అన్నాడు భానుప్రసాద్ పళ్లు తోముకుంటూ.

ఎవరినన్నాడో పేరు పెట్టి చెప్పలేదు. పెరట్లో అతని భార్య వనజ తప్ప ఇంకెవరున్నారు గనక. ఆమె అప్పటికే కట్టెల పొయ్యి మీద పెద్ద గంజు పెట్టి, మసిలే నీళ్లలో కూతురి చెడ్డీలూ దిండు గలీబులూ కట్టెతో ముంచుతోంది. ఆవిరికి మొహం ఉడికిపోతోంది. మాటకు మాట అంటే ఆ మాట పట్టుకుని అత్త సాయంత్రం దాకా సాగదీస్తుంది. అందుకని వనజ కట్టెనే ఇంకాస్త గట్టిగా తిప్పింది. భానుప్రసాద్ పుక్కిలించి ఉమ్మి, బండెక్కి సాంచాల కాడికి పోయాడు. అక్కడ ఒకరి షెడ్డులో అతను మరమగ్గాలు నడుపుతాడు.

అలేఖ్యకు నాలుగేళ్లు. కొన్నాళ్లుగా పక్క ఎక్కగానే కింద దురద అని ఏడుస్తోంది. ఒక పొద్దున వనజ చూసింది, తెల్లటి దారప్పోగుల్లాంటివి కదులుతున్నాయి. పరుగెత్తుకుంటూ పోయి ఇంట్లో చెప్పింది. చెప్పడమే ఆమె చేసిన పొరపాటు. ఆ రోజు నుంచి ఆ పురుగులు పిల్ల కడుపులోవి కావు, వనజ పెంపకంలోవి అయిపోయాయి.

అత్త బాలలక్ష్మి వేపాకు నూరుతూ నూరుతూనే దండకం చదివింది. "బెల్లం పెట్టకే అంటే ఇంటివా? జామకాయ కడగకుంట ఇస్తివి. తంబాకు చేతులతోని బువ్వ కలుపుతవు. ఇగ కడుపుల నట్టలు గాక ముత్యాలు పుడుతయా? బీడీలు చేసే ఆడోళ్లల్ల మాత్రం చెప్పకు, ఇజ్జత్ పోతది."

తంబాకు చేతులే. ఆ చేతులు బీడీలు చుడితేనే పిల్లకు పాలు, అత్తకు బీపీ గోలీలు. చుట్టేటప్పుడు ఎవరికీ వాసన రాదు, అన్నం కలిపేటప్పుడే వస్తుంది. పైగా వనజ సబ్బుతో రుద్ది రుద్ది వేళ్ల సందులు పగిలేదాకా కడుక్కుంటుంది. మొగుడు కడుక్కోడు. అతని చిటికెన వేలికి పొడుగాటి గోరు ఉంది. మగ్గం మీద తెగిన పోగును ఆ గోటితోనే ఎత్తి పట్టి ముడేస్తాడట, అందుకని దాన్ని ముద్దుగా పెంచుకుంటాడు. ఇంటికి రాగానే ఆ చేత్తోనే తన పళ్లెంలోంచి ముక్క తీసి బిడ్డ నోట్లో పెడతాడు. చూసినవాళ్లంతా "బిడ్డంటే ఎంత పానమో" అంటారు. పొద్దస్తమానం పిల్ల ముడ్డి కడిగేదాని ప్రేమ ఎవరి కంటా పడదు.

బస్తీ దవాఖానలో డాక్టరమ్మ మాత్రం వేరే మాట అంది. "ఇంట్ల ఎంతమంది? నలుగురా? నలుగురు ఒక్కటే దినం గోలి మింగాలె. రెండు వారాలకు మళ్ల ఒకటి. ఒక్కలు మానేసినా పురుగు తిరిగి పిల్ల కాడికే వస్తది. అందరు గోర్లు తీసుకోవాలె. దుప్పట్లు వేడి నీళ్లల్ల పిండాలె." గోలీలు చేతిలో పెడుతూ వనజ మొహం చూసి, "గిట్ల మొఖం పెట్టకు. చిన్న పిల్లలున్న ఏ ఇంట్లనైనా వస్తయి. నీ తప్పేం లేదు" అంది.

నీ తప్పేం లేదు. పెళ్లయినప్పటి నుంచి ఆ మాట తనతో ఎవరన్నా అన్నారా అని ఆటోలో వచ్చేదారంతా గుర్తు చేసుకుంది వనజ. ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. అలేఖ్య భుజం మీద నిద్రపోయింది కాబట్టి సరిపోయింది, లేకపోతే "ఎందుకేడుస్తున్నవమ్మా" అని అడిగేది.

ఆ సాయంత్రం గోలీలు ముందు పెడితే భానుప్రసాద్ పళ్లెం పక్కకు తోశాడు. "నాకెందుకే? నేనేమన్న మన్ను తింటున్ననా? నీకుంటె నువ్వు మింగు." బాలలక్ష్మి కొడుకును వెనకేసుకొచ్చింది. "మొగోనికి పురుగుల గోలి ఇస్తవా? సిగ్గు శరం ఉండాలె." తను కూడా మింగలేదు. గోలీలు గూట్లో పడి ఉన్నాయి. వనజ, అలేఖ్య మింగారు. గోరు సంగతెత్తితే, "గోరు లేకుంటె పోగు నువ్వొచ్చి అతుకుతవా?" అన్నాడు. కొన్నాళ్లు పిల్ల హాయిగా పడుకుంది. తర్వాత మళ్లీ మొదలు. డాక్టరమ్మ చెప్పినట్టే పురుగులు తిరిగి వచ్చాయి, ఆమె చెప్పని తిట్లు కూడా రెట్టింపై వచ్చాయి.

అందుకే ఇవ్వాళ పిల్లకు మళ్లీ గోలీ మింగించి, తనూ మింగి, ఇల్లంతా దులిపి ఉడకేస్తోంది. పిల్లవీ తనవీ అయిపోయాక మొగుడి బట్టలు తెచ్చింది. కొక్కేనికి వేలాడుతున్న గీతల చొక్కా కూడా తీసింది. మంచిర్యాలలో ఆడబిడ్డ కోమల ఇంటి దావత్‌కు వేసుకున్నాడు, వచ్చి తగిలించాడు, మళ్లీ వేసుకోలేదు. నీళ్లలో ముంచబోతూ అలవాటుగా జేబు తడిమింది. ఒక్క గోలి పట్టే చిన్న అట్ట, ఖాళీది. పేరు చదివింది. గూట్లో ఉన్నవాటి పేరే.

వనజ అట్టను తిప్పి తిప్పి చూసింది. దావత్ అయినాకనే కదా పిల్ల దురదని ఏడవడం మొదలుపెట్టింది. అంటే అతనికి ముందే వచ్చాయి. తెలుసు. గుట్టుచప్పుడు కాకుండా కొనుక్కుని మింగి వచ్చాడు. వచ్చి ఈ మంచం మీదే పడుకున్నాడు, ఆ చేత్తోనే బిడ్డకు ముక్కలు తినిపించాడు, ఆ నోటితోనే తల్లి సుబ్బరం గురించి అడిగాడు. దాచుకున్నాడంటే అర్థం చేసుకోవచ్చు, సిగ్గు ఎవరికుండదు. తిట్టాడంటే అదీ కొత్త కాదు. కానీ అట్టలో ఒక్కటే గుంట ఉంది. దుకాణం ముందు నిలబడినప్పుడు ఇంకొకటి కూడా ఇవ్వమని, ఇంట్లో పిల్ల ఉందని, ఆ మనిషికి ఎందుకు గుర్తు రాలేదు?

భానుప్రసాద్ దుప్పటినీ లుంగీలనూ గంజులో వేయలేదు. పొడివి పొడిగానే మడిచి అరుగు మీద పెట్టింది.

మధ్యాహ్నం అతను బువ్వకొచ్చాడు. వనజ అన్నం వడ్డించి, పళ్లెం పక్కన ఒక గోలి, దాని పక్కన ఆ ఖాళీ అట్ట పెట్టింది. అట్ట చూడగానే అతని చెయ్యి ఆగిపోయింది.

"ఒక్కటే ఎందుకు తెచ్చుకున్నవ్?" అని అడిగింది.

"ఏం ఒక్కటి? గదేందో నాకేం ఎర్క?"

"దావత్ అంగిల ఉన్నది. పిల్లకు గూడ తేవాలెనని అనిపియ్యలేదా?"

అతను తల్లి వైపు చూశాడు. బాలలక్ష్మి అట్ట వైపు చూస్తోంది. అతనే గొణిగాడు. "గిసొంటియి మొగోడు ఇంట్ల చెప్పుకుంటె ఇజ్జత్ ఉంటదా?"

"నీ ఇజ్జత్ కాపాడుకునేటందుకు నా ఇజ్జత్ తీస్తివి గద," అంది వనజ. గొంతు పెంచలేదు. పెంచితే ఏడుపొస్తుందని ఆమెకు తెలుసు. "రెండోది మింగాలెనని ఎవ్వలు చెప్పలేదు నీకు. దొంగతనంగ తెచ్చుకుంటివి, ఎవ్వలు చెప్తరు? మింగు. మింగినంకనే కూర ఏస్త."

ముందుగా చెయ్యి చాపింది బాలలక్ష్మి. "నాకొకటియ్యి," అంది కోడలి మొహం చూడకుండా. "నాకు శాన దినాలసంది ఉన్నది. ఎవ్వలకు చెప్పుకుంట?"

వనజకు కోపం రావాల్సిందే, వచ్చింది కూడా. వేపాకు నూరుతూ తనను తిట్టినన్నాళ్లూ ఈ ముసలామె కూడా దురదను కొంగు కింద దాచుకుందన్నమాట. అయినా గోలీ తెచ్చి, గ్లాసుతో నీళ్లిచ్చింది. భానుప్రసాద్ కూడా విసురుగా గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. వనజ కూర వేస్తే నాలుగు మెతుకులు కతికి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"సబ్బుతోని కడుగు," అంది వనజ. "గోరు తీసి పో. నీళ్లు మళ్ల కాగవెట్టిన. నీ దుప్పటి, లుంగీలు అరుగు మీద ఉన్నయి, పిండుకో."

"షిఫ్ట్ టైమైతున్నది," అంటూ అతను చెప్పులు వెతుక్కోసాగాడు.

బాలలక్ష్మి మోకాళ్లు పట్టుకుని లేచింది. "ఇగో, నేను పిండుత తియ్యి. మొగోడు బట్టలు పిండుతడానే?" అంటూ అరుగు మీది దుప్పటీ లుంగీలూ ఎత్తుకుంది. ఆ వంగిన నడుము చూస్తే వనజకు జాలేసింది. దుప్పటి తీసుకుని తానే గంజులో పడేస్తే పోదా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. చెయ్యి ముందుకు పోయింది కూడా.

"పెట్టు అత్తమ్మా," అంది. "పురుగులకు మొగోడు, ఆడిది అని లేనప్పుడు సబ్బుకెందుకుంటది?"

అత్త చేతిలోంచి ఆ మూటను తీసుకుని బయటికి నడిచింది. వాకిట్లో, వీధంతా చూస్తుండగా, అతని బండి సీటు మీద పెట్టింది.