ఉత్తరపు గోడ కింది మారిట్

శ్మశానంలో ఉత్తరపు గోడ పక్కనున్న రాతి కింద మారిట్ లేదు. ఆమె అట్లాంటిక్ సముద్రం అడుగున ఉంది.

హెర్డిస్ చేతిలో కాఫీపొడి చెంచా గాలిలోనే ఆగిపోయింది. కంప్యూటర్ తెర మీద, నూట నలభై ఏళ్ల కిందట క్యుబెక్ రేవు చేరిన తెరచాప ఓడ ప్రయాణికుల జాబితా. నిల్స్, కూలీ. అతని కొడుకు, ఏడాది నిండని పసివాడు. ఇద్దరి మధ్య అతని భార్య మారిట్. ఆమె పేరు పక్కన చిన్న సిలువ. దారిలో పోయినవాళ్లకు ఓడ గుమస్తా పెట్టే గుర్తు అది. అలా పోయినవాళ్లను గుడ్డలో చుట్టి, ప్రార్థన చదివి, నీళ్లలోకి జార్చేవారు.

కెనడా నుంచి ఆ జాబితా పంపిన స్నేహితురాలు కింద ఒక ముక్క రాసింది: "నీ నిల్స్ ఎక్కిన ఓడ దొరికింది. పండగ చేసుకో!"

పండగే. మధ్యాహ్నం పడవకు వెర్నన్ మిన్నెసోటా నుంచి వస్తున్నాడు. చెల్లెలు డార్లీన్ చితాభస్మం వెంట తెస్తున్నాడు. ముత్తవ్వ మారిట్ పక్కనే తనను పూడ్చాలని డార్లీన్ చివరి కోరిక. అనుమతి వచ్చింది. గుంట తవ్వడానికి కాటికాపరి స్వెర్రె పొద్దున్నే పార తీసుకుని వెళ్లాడు.

హెర్డిస్ కాఫీ పెట్టడం మర్చిపోయి గదిలో అటూ ఇటూ తిరిగింది. ఆమె ఎప్పుడూ అంతే, కుదురుగా కూర్చోలేదు. ఉత్తరాలు నిలబడే చదువుతుంది. ఆలోచనలో పడితే స్వెటర్ నడిమి గుండీని మెలితిప్పుతూ ఉంటుంది. ఆమెకున్న స్వెటర్లలో, ఇవాళ వేసుకున్నదానికి తప్ప, దేనికీ నడిమి గుండీ లేదు. పెళ్లి చేసుకోలేదు. చిన్నప్పుడు ఒకసారి పెద్ద ఓడెక్కి, కడుపులో ఉన్నదంతా కక్కి, ఇక ఈ జన్మకు చాలనుకుంది. ఉల్వనెస్ చర్చి కార్యాలయంలో చేరిననాటి నుంచి ఓడలెక్కి వెళ్లిపోయినవాళ్లను వెతకడమే ఆమె పని. మా అవ్వది ఏ ఊరు, మా తాత ఎవరి కొడుకు అంటూ అమెరికా నుంచి ఉత్తరాలు వస్తాయి. బాప్తిస్మం పుస్తకం, పెళ్లిళ్ల పుస్తకం, ఖననాల పుస్తకం తిప్పి జవాబు రాస్తుంది. వందేళ్ల కిందటి మనుషుల వరసలు ఆమెకు నోటికి వచ్చు. బతికున్నవాళ్లు, వాళ్ల కన్నవాళ్లు ఉన్న ఈమధ్య పుస్తకాలు మాత్రం తెరవదు. అది మర్యాద కాదని ఆమె నమ్మకం.

ఈసారి తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు తెలుసు. నిల్స్ మిన్నెసోటాలో రెండో పెళ్లి చేసుకుని, మొదటి కూతురికి మారిట్ అని పేరు పెట్టాడు. పోయిన భార్య పేరు రెండో భార్య తొలి కూతురికి పెట్టడం ఇక్కడి ఆచారం. అంటే అప్పటికే మారిట్ చనిపోయి ఉండాలి. ఊళ్లోనే పోయిందని వెర్నన్ వాళ్లింట్లో చెప్పుకునేవారు. కానీ ఖననాల పుస్తకంలో ఆమె లేదు. పోయిన వేసవిలో వెర్నన్, డార్లీన్, వాళ్ల పిల్లలు కలిపి ఏడుగురు వచ్చి వానలో శ్మశానమంతా వెతికారు. మర్నాడు పొద్దున ఉత్తరపు గోడ దగ్గర, చలువరాయి కూడా కాని మామూలు పలక మీద ఒకే ఒక్క మాట కనిపించింది: మారిట్.

పాదిరీ రాయడం మర్చిపోయి ఉంటాడనుకుంది హెర్డిస్. పుస్తకాన్ని కాదని రాతిని నమ్మింది.

కోటు తగిలించుకుని బయటికి నడిచింది.

స్వెర్రె గుంట తవ్వడం పూర్తి చేసి అంచులు సరిచేస్తున్నాడు. పొడుగ్గా, ఎముకల పోగులా ఉంటాడు. టోపీ చెవుల దాకా లాక్కుని ఉంటాడు. ఇన్నేళ్లుగా రోజూ పదకొండింటికి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కాఫీ తాగుతారు. వాతావరణం, చర్చి కప్పు, ఎలకలు. అంతకు మించి మాటలుండవు.

గుంట రాయికి బారెడు దూరంలో, బాట వైపుకి ఉంది.

"ఇంత దూరంగా తవ్వావేం? రాయి పక్కనే అని చెప్పాగా."

"వేళ్లు అడ్డొచ్చాయి."

చుట్టుపక్కల చెట్టన్నది లేదు. హెర్డిస్ వంగి రాయిని చూసింది. పోయినేడు కన్నీళ్ల మధ్య చూడనిది ఇప్పుడు కనిపించింది. రాతి కింది భాగంలో, నేలకు జానెడు పైన, పాత మట్టి మరక అడ్డంగా గీతలా ఉంది. ఒకప్పుడు ఈ రాయి ఇంకా లోతుగా ఉండేది. ఎవరో పీకి, మళ్లీ పాతారు.

"ఈ రాయి ఎక్కడిది స్వెర్రె?"

"రాయి ఎక్కడిదంటావేమిటి? కొండది."

"వేళాకోళం కాదు. మారిట్ ఓడలో పోయింది. జాబితా వచ్చింది."

పార ఆగింది. అతను టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

"నువ్వు పాతావా?"

"పడవ కూత వినపడటంలేదూ? వెళ్లు. ముసలాయన మెట్ల మీద పడగలడు."

నిజంగానే పడవ వచ్చేసింది. హెర్డిస్ రేవుకు దాదాపు పరుగెత్తింది.

వెర్నన్ భారీ మనిషి. ఎర్ర టోపీ, చంకలో గుడ్డసంచి, రెండో చేతిలో జామ్ సీసా. సీసా నిండా నల్లమట్టి. అవ్వల దగ్గర నేర్చుకున్న పాతకాలపు మాండలికంలో మాట్లాడతాడు. అది వింటే ఈ ఊరి కుర్రకారు పకపకా నవ్వుతారు.

"నిల్స్ పొలంలో మట్టి తల్లీ. గుంటలో కలుపుదామని. విమానాశ్రయంలో ఈ మట్టిని చూసి నన్ను గంటసేపు నిలబెట్టారు. పక్కనే సంచిలో డార్లీన్ ఉంటే కన్నెత్తి చూడలేదు. అది బతికుంటేనా, వాళ్లను కడిగేసి ఉండేది!"

కార్యాలయంలో గుండె ఆకారపు వాఫుల్స్, గోధుమరంగు జున్ను బల్ల మీద పెట్టింది. తను కూర్చోలేదు. కెటిల్ దగ్గరికి, కిటికీ దగ్గరికి, మళ్లీ కెటిల్ దగ్గరికి తిరిగింది. నోరు మూసుకుంటే? పడవ మలుపు తిరిగేలోపు అంతా ముగిసిపోతుంది. ముసలాయన తృప్తిగా ఇంటికెళతాడు. ఎవరికి నష్టం?

"నలభై ఏళ్లు వెతికింది మా డార్లీన్" అన్నాడు వెర్నన్. "వంటింటి బల్ల మీద అన్నీ కాగితాలే. అన్నం ఒళ్లో పెట్టుకుని తినేవాళ్లం. పోయినేడు ఆ రాయి ముందు కూలబడి ఏడ్చింది చూడూ, ఆ తర్వాత బల్ల ఖాళీ చేసింది. 'ఇక చాలన్నయ్యా, దొరికింది' అంది. చలికాలంలో పోయింది. నువ్వు లేకపోతే…"

గుండీ తెగి హెర్డిస్ చేతిలోకి వచ్చింది.

"ఆవిడ మారిట్ కాదండీ."

చెప్పేసింది. ఓడ, సిలువ, పుస్తకంలో లేని పేరు, రాతిని నమ్మిన తన తొందరపాటు, అన్నీ. తెరను అతని వైపు తిప్పింది. "తప్పు నాదే. క్షమించమని అడిగే ముఖం కూడా లేదు."

వెర్నన్ ముక్కు తెర కానేలా వంగి ఆ సిలువను చాలాసేపు చూశాడు.

"నిల్స్ తాను వచ్చిన ఓడ పేరు ఎప్పుడూ చెప్పేవాడు కాడట" అన్నాడు మెల్లగా. "ఎందుకో ఇప్పుడు తెలిసింది." కిటికీలోంచి, కొండల మధ్యకు పాకిన ఫ్యోర్డ్ సముద్రపు పాయ వైపు చూశాడు. "ఈ నీళ్లు అక్కడి దాకా వెళ్తాయా?"

"వెళ్తాయి. చివరికి అన్నీ అక్కడికే."

"అయితే డార్లీన్ కూడా వెళ్తుంది. తిరుగు పడవలోంచే."

"దానికి వేరే దరఖాస్తు పెట్టాలండీ. జిల్లా అధికారులకు."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"కొన్ని నెలలు."

"తల్లీ, నాకు ఎనభై మూడు."

హెర్డిస్ ఫోన్ తీసి, పక్క ఊరి నుంచి బయల్దేరబోతున్న పాదిరీకి రానక్కర్లేదని చెప్పింది. తర్వాత కోటు అందుకుంది. "నేను పడవ ఎక్కను. ఎక్కనివాళ్లకు అందులో ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది?"

రేవుకు వెళ్లే దారి శ్మశానం మీదుగానే. రాయి దగ్గర వెర్నన్ ఆగాడు. స్వెర్రె గుంట పక్కనే నిలబడి ఉన్నాడు.

"మరి ఈవిడెవరు?"

"తెలీదండీ" అంది హెర్డిస్.

"ఎవరో ఒక మారిట్. పోయినేడు మా ఏడుపంతా పాపం ఈవిడే భరించింది." జామ్ సీసాను రాతి మొదట్లో ఆనించి పెట్టాడు. "ఇది ఈవిడకే. వెనక్కి మోసుకెళ్తే మళ్లీ ఆ విమానాశ్రయం వాళ్లతో పేచీ నావల్ల కాదు."

స్వెర్రె టోపీ తీశాడు. చర్చిలో తప్ప అతను టోపీ తీయగా హెర్డిస్ ఎన్నడూ చూడలేదు.

పడవ కదిలింది. ఫ్యోర్డ్ నడుమ, పడవ వెనక భాగంలో ఎర్ర టోపీ వంగింది. బూడిదరంగు పొగలాంటిది చిన్నగా లేచి, నీళ్లకు తగిలి మాయమైంది. సముద్రపు కాకులు ఒకసారి దిగి, తినేదేమీ లేదని తెలుసుకుని లేచిపోయాయి. పడవ మలుపు తిరిగింది.

హెర్డిస్ తిరిగి వచ్చేసరికి స్వెర్రె గుంట పూడుస్తున్నాడు. పక్కనున్న రెండో పార తీసుకుని మట్టి లాగసాగింది. కాసేపటికి, తలెత్తకుండానే, అతను మొదలుపెట్టాడు.

"నేనే పాతాను. మా అమ్మ రాయి అది. ఆవిడ పేరూ మారిట్టే. యుద్ధంలో జర్మన్ సిపాయితో తిరిగిందని వెలేశారు. వాడి కొడుకునే నేను. ఆవిడ పోయిననాడు ఇక్కడ పాదిరీ, నేను, అంతే. నాకూ ఏడుపు రాలేదు, సిగ్గేసింది. రాయి నా చేత్తోనే చెక్కాను. పొలం పేరే మనకు ఇంటిపేరు కదా, అది చెక్కితే ఊరుకోనని మా తాత కబురంపాడు. అందుకే వట్టి మారిట్. సమాధి చోటుకిచ్చిన గడువు తీరాక, ఇంకా ఉంచాలా అని పొలంలో ఉన్న మావాళ్లకు కాగితం వెళ్లింది. అక్కర్లేదన్నారు. ఎవరూ అడగని సమాధి రాయి తీసేయడం నా ఉద్యోగం. 'ఇది నాది' అనొచ్చు. అనలేదు హెర్డిస్. నా చేతుల్తోనే పీకి, పనిముట్ల కొట్లో గోడకు తిప్పి పెట్టాను. పోయినేడు మీరంతా వానలో మారిట్, మారిట్ అని తిరిగారు చూడూ, ఆ పేరు ఈ ఊళ్లో అంత గట్టిగా ఎవరైనా అనగా నేను వినలేదు. మర్నాడు మీరు లేవకముందే తెచ్చి ఆవిడ చోట్లోనే పాతాను. ఏడుగురు మనుషులు ఏడ్చారు. పార పట్టుకుని వెనక నిలబడి విన్నాను. ఆ ముసలామెకు అబద్ధం అమ్మానని తెలుసు. ఇవాళ ఆవిడను మా అమ్మ పక్కన పడుకోబెట్టడానికి చేతులు రాలేదు, అందుకే దూరంగా తవ్వాను. ఇన్నేళ్లలో నువ్వు నన్ను ఏదీ అడగలేదు, అందుకే నీ ఎదురుగా కూర్చుని కాఫీ తాగగలిగాను. ఎవరికి చెప్పాలో చెప్పు. రాయి తీసేయమంటే రేపే తీసేస్తాను. ఆ సీసా మాత్రం కదపకు. సొంత పొలంలో పిడికెడు మట్టికి నోచుకోని మనిషికి ఎక్కణ్ణుంచో వచ్చింది, నిండు సీసాడు."