మిగిలిపోయిన పదకొండు రౌండ్లు

మా ఆయన ముప్పై ఏడేళ్ళుగా ఒకటే మాట. "ఇంకొక్క రౌండు ఉండుంటే ఏమోస్‌గాడి పని అయిపోయేదే!" ఉత్తరం తెచ్చిన పోస్టుమనిషికి చెప్పాడు. ఐసు దించడానికొచ్చినవాడికి, చేతిలో ఐసు కరిగి కారిపోతున్నా వదలకుండా చెప్పాడు. మా ఇంట్లో అద్దెకుండే రైలు పోర్టర్లకు భోజనాల బల్ల దగ్గర, వాళ్ళను లేవనివ్వకుండా చెప్పాడు. మా పెద్దమ్మాయి పుట్టిన రోజున, ఇంకా బొడ్డయినా ఊడని పసిగుడ్డును ఎత్తుకుని దానికీ చెప్పాడు. వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

ఆయన పేరు హోజియా గాడిస్. వెస్ట్ ఓక్లండ్‌లో యాభై దాటినవాళ్ళను ఎవరినడిగినా చెబుతారు, ఒకప్పుడు హెవీవెయిట్లలో పేరున్న మనిషని. 1911 జూలైలో, సముద్రం దగ్గరి కోల్మా ఊళ్ళో, బహిరంగ మైదానంలో ఏమోస్ టిల్లరీతో నలభై అయిదు రౌండ్ల పోటీకి దిగాడు. ప్రపంచ చాంపియన్‌తో తలపడే అవకాశం వాళ్ళిద్దరికీ ఎవరూ ఇచ్చింది లేదు. అందుకని మావాళ్ళు మావాళ్ళతోనే తన్నుకునేవారు. గెలిచినవాడు పసిఫిక్ తీరానికంతటికీ నల్లవాళ్ళ చాంపియన్. ఇద్దరికీ తల్లులు బైబిల్లోంచి ప్రవక్తల పేర్లే ఏరి పెట్టారు గానీ, ముప్పై ఒకటో రౌండులో సముద్రం మీంచి పొగమంచు కమ్ముకొస్తుందని ఇద్దరిలో ఒక్కడికైనా ముందు తెలియలేదు. రెఫరీ తన చెయ్యి తనకే కనబడక పోటీ ఆపేశాడు. ఎవరూ గెలవలేదు, ఇళ్ళకు పొమ్మన్నాడు.

ఇప్పుడు నేను ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి చెబుతాను. ఆ రోజు నేనక్కడున్నాను. ఆడవాళ్ళను రానివ్వరని మా అన్న కోటూ టోపీ తగిలించుకుని, హోజియా మూల దగ్గర నీళ్ళ బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. అప్పటికి మాకింకా పెళ్ళి కాలేదు. పొగమంచులో అందరికీ కళ్ళు పోయినట్టయింది గానీ, నాకు మూరెడు దూరంలో హోజియా కనబడ్డాడు. మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. కళ్ళు తేలేశాడు. ఏమోస్ ఎక్కడో అవతలి పక్క, మనిషి కోసం వెతుక్కుంటూ గాలిని గుద్దుతున్నాడు. పది లెక్కపెట్టేలోగా లేవకపోతే ఓడినట్టే; పది కాదు, తాపీగా ఇరవై లెక్కపెట్టొచ్చు. రెఫరీ "ఆపండి" అని అరిచాక ఈయన తాడు పట్టుకుని లేచాడు. ఇంకొక్క రౌండు ఉండుంటే ఎవరి పని అయిపోయేదో నాకు బాగా తెలుసు.

కానీ ఆ ఒక్క మాట మీదే ఆ మనిషి బతుకంతా నిలబెట్టుకున్నాడు. రైలు యార్డులో మూటలు మోసినా, ఎవడో పొగరుబోతు కుర్రవాడు "ఏయ్ ముసలోడా" అని పిలిచినా, ఇంటికొచ్చి ఆ మాట ఇంకోసారి అనుకుంటే చాలు, నడుం నిటారుగా అయ్యేది. అది కాస్తా పోతే ఆయనలో ఏం మిగులుతుందో తలుచుకోవడానికే నాకు భయం. అందుకే నోరు కుట్టేసుకున్నాను. ఆయన చెబుతున్నప్పుడల్లా "ఊఁ" అని వంటింట్లోకి పోయేదాన్ని.

ఈ ఏడు వసంతంలో ఏమోస్ లాస్ ఏంజెలెస్ వదిలి, కూతురి దగ్గరుందామని మా పేటకే వచ్చిపడ్డాడు. సరిగ్గా అప్పుడే చర్చి పైకప్పు కారడం మొదలైంది. పాస్టర్ ఫెంటన్ గారికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. పాత వీరులిద్దరూ మూడు రౌండ్లు సరదాగా ఆడితే టిక్కెట్లు పెట్టొచ్చుట! మా ఆయనకు అరవై ఏడు, ఏమోస్‌కు అరవై తొమ్మిది. పాస్టర్ గారిని గుమ్మంలోనే నిలబెట్టి చెడామడా తిట్టాలనిపించింది, దేవుడి మనిషని ఊరుకున్నాను.

గ్లౌజులు తెచ్చినవాడు లూథర్ బీమన్. మా మేడ మీద గదిలో అద్దెకుంటాడు, పాతికేళ్ళ హెవీవెయిట్, ఎద్దులా ఉంటాడు. నాలుగో రౌండు దాటితే మాత్రం ఆయాసం.

మా ఆయన ఆ గ్లౌజులను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇవేంట్రా?"

"గ్లౌజులు, పెద్దాయనా. పదహారు ఔన్సులు."

"నేను దిళ్ళనుకున్నాను. వీటితో కొట్టుకోవాలా, పడుకోవాలా?"

"మొహానికి అడ్డం పెట్టుకోవచ్చు. ఒక్క దెబ్బ లోపలికి రాదు."

"మావి నాలుగు ఔన్సులు. అడ్డం పెడితే ముక్కు కూడా కప్పేవి కావు. అందుకే తలకాయ తప్పించడం నేర్చుకున్నాం. ఇదిగో, ఈ వేళ్ళు చూడు." మా ఆయన కుడిచేతి వేళ్ళు రెండు పక్కకు వంకర తిరిగి ఉంటాయి, కాఫీ కప్పు చెవిలో దూరవు. "ఒకడి నుదుటి మీద కొట్టాను. వాడి నుదురు శుభ్రంగా ఉంది. ఆ తర్వాత బుద్ధొచ్చి పక్కటెముకల మీదికి దిగాను. నలభై అయిదు రౌండ్లకీ దేవుడిచ్చినవి రెండే చేతులు కదరా! మీకేం, గబగబా ఓ పది రౌండ్లు, చేతుల నిండా దూది, ఎక్కడ పడితే అక్కడ బాదుతారు."

"అందుకే మా ఆటలో ఎవరూ నిద్రపోరు," అన్నాడు లూథర్. మా ఆయన గ్లౌజు విసిరి కొట్టాడు.

పోటీ రోజు చర్చి హాలు కిటకిటలాడింది. గంట కొట్టారు. మా వాళ్ళిద్దరూ మధ్యకొచ్చారు, ఒకరినొకరు చూసుకున్నారు. చూసుకుంటూ చుట్టూ తిరిగారు. మా ఆయన భుజం కదిపితే ఏమోస్ అరడుగు వెనక్కి వేశాడు. ఏమోస్ మోచెయ్యి ఎత్తితే మా ఆయన తల వంచాడు. మొదటి రౌండు అయిపోయింది. రెండోదీ అలాగే అయింది.

"వీళ్ళు కొట్టుకోవడానికొచ్చారా, డాన్సు చెయ్యడానికొచ్చారా?" అని వెనక నుంచి సిస్టర్ ఓపలైన్ కేక పెట్టింది. హాలంతా గొల్లున నవ్వింది. మూడో రౌండులోనూ ఒక్క గుద్దంటే ఒక్క గుద్దు పడలేదు. చివరి గంట కొట్టాక మా ఆయన వెలిగిపోతున్న మొహంతో నా దగ్గరికొచ్చాడు.

"డీలియా, కనిపెట్టేశాను! వాడి ఎడమ మోకాలు పనిచెయ్యట్లేదు."

"మూడు రౌండ్లూ దానికేనా?"

"మొదటి పదీ దానికే కదే! పదకొండో రౌండు నుంచి చూడు."

"పదకొండోది ఎక్కడుందయ్యా? ఉన్నవి మూడే!"

ఆ సంగతి ఆయనకు నిజంగా గుర్తులేదు. మొహం పాలిపోయింది. అంతలో పాస్టర్ గారు ఇద్దరి చేతులూ ఎత్తి, "ఇద్దరూ సమానం, దేవుడికి స్తోత్రం!" అన్నారు. ఇద్దరూ ఒక్కసారే ఆయన మీదికి లేచారు.

"మళ్ళీనా?" అన్నాడు మా ఆయన.

"ముప్పై ఏడేళ్ళ కిందటా ఇదే కూత కూశారు!" అన్నాడు ఏమోస్. "ఒరేయ్ హోజియా, మనం కాగితం మీద సంతకం పెట్టింది ఎన్నింటికి?"

"నలభై అయిదుకి."

"అప్పుడు ముప్పై ఒకటి. ఇప్పుడు మూడు."

"పదకొండు మిగిలాయి," అన్నాడు మా ఆయన. "శనివారం మధ్యాహ్నం, మా పెరట్లో. పాత గ్లౌజులు నా దగ్గరున్నాయి."

ఆ గ్లౌజులు తీసుకెళ్ళి పిండి డబ్బాలో దాచాను, దొరకపుచ్చుకున్నాడు. శుక్రవారం ఏమోస్ ఇంటికెళ్ళి, ఒంట్లో బాగాలేదని చెప్పి మానుకోమని కాళ్ళావేళ్ళా పడ్డాను.

"సిస్టర్, నాకు డెబ్భై వస్తున్నాయి," అన్నాడు వాడు. "ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు తేల్చుకోను? ఇంకొక్క రౌండు ఉండుంటే ఆ రోజే నేను..."

వీడిదీ అదే జబ్బు! మిగతా మాట వినకుండా లేచి వచ్చేశాను.

శనివారం బట్టలారేసే తాడు దించి నాలుగు గుంజలకు కట్టారు. ఏమోస్ మూలకు సాయంగా లూథర్. రెఫరీని నేనే, గంటనూ నేనే. అలారం గడియారం ఒళ్ళో పెట్టుకుని, గరిటెతో ఇనప పెనం మోగించాను. ఆ నాలుగు ఔన్సుల గ్లౌజులు ఎండిపోయి చేతులకు అతుక్కున్నాయి, లోపల ఎముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఒక్కటి సరిగ్గా తగిలితే ఈ వయసులో లేస్తారా అని నా భయం.

ముప్పై అయిదో రౌండు ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడానికే పోయింది. ముప్పై ఏడు తర్వాత నిమిషం విరామాన్ని నేను పావుగంట చేశాను, పొయ్యిలో మొక్కజొన్న రొట్టె మాడిపోతోందని. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ముప్పై తొమ్మిదిలో ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు గడ్డం ఆనించి, దూలాల్లా నిలబడిపోయారు. విడదీద్దామని దగ్గరికెళితే మాటలు వినబడ్డాయి.

"నడుముకి ఏం రాస్తున్నావురా?" అన్నాడు మా ఆయన.

"టర్పెంటైను, గొర్రె కొవ్వు కలిపి."

"కంపు కొడుతున్నావు."

"నువ్వు ఏమీ కొట్టనప్పుడు నేను కంపైనా కొట్టాలి కదా."

లూథర్ కుర్చీలో జారబడి ఆవులించాడు. కానీ నలభై ఒకటో రౌండుకు వాడు నిటారుగా కూర్చోవడం చూశాను. ఏమోస్ చెయ్యి లేచే ముందే మా ఆయన తన పలచటి గ్లౌజు తెరిచి, ఆ మోచేతిని పిల్లవాడి చెయ్యి పట్టుకున్నట్టు మెల్లగా పట్టేసేవాడు. గుద్దు పుట్టకుండానే పోయేది. ఏమోస్ అయితే అంగుళం తల వంచేవాడు, అంతే, మా ఆయన గుద్దు చెవి పక్కనుంచి పోయేది.

"పెద్దమ్మా, వీళ్ళు ఒక్క అడుగైనా వృథాగా వెయ్యట్లేదు," అన్నాడు లూథర్. "నేనీపాటికి నాలుక బయటపెట్టేవాణ్ణి."

"నువ్వు నాలుగో రౌండుకే పెడతావు, తెలుసులే," అన్నాను. నా కళ్ళు మాత్రం మా ఆయన మోకాళ్ళ మీదే ఉన్నాయి. నలభై నాలుగులో అవి వణికాయి. పెనం ముందే కొట్టేశాను, ఓ అర నిమిషం దొంగిలించి.

నలభై అయిదో రౌండుకు గరిటె ఎత్తాలంటే నా చెయ్యి రాలేదు. "కొట్టవే!" అన్నాడు మా ఆయన. కొట్టాను.

ఇద్దరూ ఈసారి చూసుకోలేదు. సూటిగా వచ్చారు. ఏమోస్ ఎడమ చెయ్యి మా ఆయన దవడ రాసుకుంటూ పోయింది, నేను "దేవుడా" అన్నాను. మా ఆయన ఆ పనిచెయ్యని మోకాలి వైపు ఒక్క అడుగు వేసి, కుడిచేత్తో పక్కటెముకల కింద ఒక్కటిచ్చాడు. చప్పుడు పెద్దగా లేదు. ఏమోస్ "అబ్బ" అని, తొందరేమీ లేకుండా, గడ్డి మీద కూర్చుండిపోయాడు.

నేను లెక్క మొదలుపెట్టాను. ఒకటి. రెండు. మూడు. ఏమోస్ నోరు తెరుచుకుని గాలి వెతుక్కుంటున్నాడు. నాలుగు. అయిదు. ఇంకో అయిదు అంకెలంటే మా ఆయన గెలిచినట్టే, ముప్పై ఏడేళ్ళ మాట నిజమైనట్టే. ఆరు. ఏడు.

మా ఆయన వంగి ఏమోస్ చంకలో చెయ్యి వేశాడు. "లేవరా ముసలోడా, నేల తేమగా ఉంది, నడుం పట్టేస్తుంది."

ఏమోస్‌కు ఊపిరందింది. కింద నుంచే వేలు చూపించాడు. "ఫౌల్! కిందపడ్డవాడి మీద చెయ్యి వేశాడు! వేసినవాడు ఓడినట్టే, మన కాలం రూలు! సిస్టర్, చూశావు కదా?"

"లేపానురా దొంగ వెధవా!"

"చెయ్యి చెయ్యే!"

ఇద్దరూ నా వైపు తిరిగారు. లూథరూ తిరిగాడు. చూశాను, నిజంగానే చూశాను. "నేనేం చూడలేదు" అనడం నాకు అలవాటే. కానీ ఆ పూట ఆ మాట నోట్లోంచి రానంది.

"హోజియా ఓడిపోయాడు," అన్నాను.

ఏమోస్ కూర్చున్నచోటే రెండు చేతులూ పైకెత్తాడు. మా ఆయన కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. నా దగ్గరికొచ్చి, నెమ్మదిగా అడిగాడు.

"ఇవాళ చెప్పావు. మరి ఆ రోజెందుకు చెప్పలేదు?"

"ఏ రోజు?"

"పొగమంచులో. నేను మోకాళ్ళ మీదున్నాను. నువ్వు చూశావు. నువ్వు చూడటం, తాడు పట్టుకుని లేస్తూ నేనూ చూశాను, డీలియా." వంకర వేళ్ళతో గ్లౌజు తాడు లాగుతున్నాడు, అది రావడం లేదు. "ఇన్నేళ్ళుగా ఎవరికి చెబుతున్నాననుకున్నావు? పోస్టుమనిషికా? నీకే. ఒక్కసారైనా నువ్వు 'అవునయ్యా, గెలిచేవాడివే' అంటావేమోనని. 'ఊఁ' అని లోపలికి పోయేదానివి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. ముప్పై ఏడేళ్ళు ఈ మనిషి పరువు నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నానే! గరిటె కింద పారేసి, ఆయన చెయ్యి లాక్కుని, ఆ ముడి పళ్ళతో పీకాను.

"బుర్ర ఉందా నీకు? మన పెళ్ళి ఎప్పుడయింది?"

"తర్వాతి వసంతంలో."

"మోకాళ్ళ మీద ఉన్నవాణ్ణి కళ్ళారా చూశాను. ఆ తర్వాతే కదయ్యా నిన్ను చేసుకున్నాను!"

ఆయన గ్లౌజు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. గడ్డి మీద నుంచి ఏమోస్, "అయితే నేను గెలిచినట్టేనా, కాదా?" అని అడిగాడు. "గెలిచావు, లోపలికొచ్చి రొట్టె తిని చావు," అన్నాను.

సోమవారం ఎర్ర బీన్సూ అన్నమూ వడ్డిస్తున్నాను. కొత్తగా దిగిన పోర్టరు, పాపం ఏమీ తెలియనివాడు, "పెద్దాయనా, కోల్మాలో ఏదో పెద్ద పోటీ ఆడారటగా?" అని అడిగాడు. బల్ల చుట్టూ పాతవాళ్ళంతా చెంచాలు దించి నిట్టూర్చారు. మా ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని, ఛాతీ విరుచుకుని, ఎప్పటిలాగే గొంతు సవరించుకున్నాడు.

"ముప్పై ఒకటో రౌండులో పడిపోయాను," అన్నాడు. "మోకాళ్ళ మీద. కావాలంటే మా ఆవిడనడుగు, తను అక్కడే ఉంది."